నీటిని తెచ్చిన చరిత్ర, నీటిని మిగిల్చిన చరిత్ర



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమల చరిత్రను గూర్చి ప్రసంగించెదనని వినిన మిత్రులు, నేను రాజుల యుద్ధములు వర్ణింతునని తలచిరి. నేను చెప్పబోవునది వంటపాత్రలు, గానుగలు, పెనములు కడుగు నీటి చరిత్ర. నవ్వకుడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు సీమలో ఇంతకంటె పెద్ద రాజకార్యము లేదు.

క్రీ. శ. 1388లో హరిహరరాయల కుమారుడగు బుక్కరాయలు పెనుకొండయందుండి పాలించుచుండెను. నీరే ప్రాణులకు ప్రాణమని యెంచి, పెన్నానదిని పెనుకొండకు తేవలసినదని జలశాస్త్రకోవిదుడైన సింగయభట్టును నిండుకొలువున నాజ్ఞాపించెను. ఆయన సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువయని పేరిడి, శాసనము వ్రాయించెను. ధర్మవరపు చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించెననియు, ఆయన తల్లి ధర్మాంబ పేర ఆ యూరు వెలసెననియు పెద్దలు చెప్పుదురు. 1565లో రక్కసి తంగడి యుద్ధమైన పిమ్మట తిరుమలరాయలు తన కొలువును పెనుకొండకు మార్చెను. అంత పరివారమునకు అన్నము వండుటకును, వండిన పాత్రలు తోముటకును ఎన్ని కడవల నీరు కావలసియుండెనో ఊహింపుడు.

నీటిని తెచ్చినవారి పేళ్ళు శిలలపై నిలిచినవి. తెచ్చిన నీటిని మిగిల్చినవారి పేళ్ళు ఏ శిలపైనను లేవు. వారు మన తల్లులు, వంటవారు, గానుగవారు.

హిందూపురమునకు సమీపమున లేపాక్షి దేవాలయ ప్రాంగణమున నేలరాతిలో పళ్ళెములవలె తొలిచిన గుంటలు కలవు. శిల్పులు వానియందు భుజించిరని కొందరును, చిత్రకారులు రంగులు నూరిరని కొందరును చెప్పుదురు. ఏది యెట్లున్నను, రాతిపళ్ళెమును కడుగవలెను. మోదుగాకు విస్తరిని కడుగ నక్కరలేదు. మన పూర్వులు వందలమందికి విందు చేసినను బంతిలో విస్తరులే వేయుట ఆచారము మాత్రమే కాదు, నీటి పొదుపు గూడ.

హిందూపురము బెల్లపు వ్యాపారమునకు చిరకాలముగా పేరుపొందినది. నా బాల్యమున ఒక గానుగ యొద్ద చూచిన పని నేటికిని మరపురాదు. బెల్లము దించిన వెంటనే, పెనము వేడిగా నుండగనే, చెక్కతో గీకి అడుగు మడ్డిని తీసెడివారు. దానికొరకు మేము పిల్లలము చేతులు చాచి నిలిచెడివారము. పిదప కొద్దిపాటి వేడినీరు పోసి పెనమంతయు త్రిప్పెడివారు. ఆ తీపినీరు పశువుల కుడితితొట్టికి చేరెడిది. అటుపిమ్మటనే కొబ్బరిపీచుతో తోమి మంచినీటితో కడిగెడివారు. మొదట గీకుట, పిదప కరగించుట, తుదకు కడుగుట: ఇదియే క్రమము.

అయితే పొదుపనగా కడుగకుండుట కాదు. ఒక కరవు సంవత్సరమున మా బంధువుల యింట పెండ్లి జరిగెను. నీరు చాలదని వంటవారు పాలగుండిగలను నామమాత్రముగా తొలిచి మరల పాలు పోసిరి. తెల్లవారునప్పటికి పాలన్నియు విరిగినవి. నాలుగు బిందెల నీరు మిగుల్పబోయి గుండిగల కొలది పాలు పారబోసితిమి. పాడి గేదె త్రాగిన నీరు, దాని మేత పండించిన నీరు గూడ ఆ పాలతోనే పోయెను గదా!

ఉపాధ్యాయుడను గనుక చిన్న లెక్క చెప్పెదను. పాత్రకు అంటుకొని ఒక గిద్దెడు చెరకురసము మిగిలెననుకొనుడు. తొమ్మిది గిద్దల నీరు ఒక్కమారే పోసి, బాగుగ కలిపి పారబోసితిరి. మరల అంటియుండు గిద్దెడులో తొలిరసము పదియవ వంతుండును. అదే నీటిని మూడేసి గిద్దలుగా మూడుమారులు పోసినచో మిగులునది అరువదినాలుగవ వంతు మాత్రమే. నీరొకటియే, క్రమము మారినది, ఫలము ఆరింతలైనది.

పాశ్చాత్యదేశముల పాలకర్మాగారములలో పూర్వము గొట్టములను విప్పి చేతితో కడుగుచుండిరి. 1940, 1950 దశాబ్దములలో, ముఖ్యముగా అమెరికాలో, యంత్రములను విప్పకయే, ఉన్నచోటనే కడుగు పద్ధతి వ్యాపించెను. మొదట గోరువెచ్చని నీరు పంపుదురు; మరిగిన నీరు పంపినచో పాలలోని మాంసకృత్తులు గట్టిపడి గోడల కంటుకొనును. పిదప వేడి క్షారజలము జిడ్డును విడదీయును. పాలలోని సున్నపు పొరను స్వల్పమైన ఆమ్లము కరగించును. తుదకు మంచినీరు. బూడిదతో జిడ్డును, చింతపండుతో ఇత్తడి మరకను పోగొట్టు మన యిల్లాలి విద్యయు ఇట్టిదే గదా. ఇందు విశేష మేమనగా, కడపట పంపిన నీరు దాదాపు నిర్మలముగానే యుండును గనుక దానిని తొట్టిలో నిలువచేసి మరుసటి మారు తొలి కడుగునకు వాడుదురు. తుది కడుగునకు మాత్రము ఎన్నడును క్రొత్త నీరే కావలెను. క్షారజలమును గూడ మరల మరల వినియోగింతురు.

2016లో హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలపు కృష్ణాజలములు పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు చేరినవి. బుక్కరాయలు పెన్నను కోరెను. మనము కృష్ణను తెచ్చుకొంటిమి. కాని సింగయభట్టు నీరు పల్లమునకు తనంత పారెను. ఈ నీరు విద్యుచ్ఛక్తితో మెట్టుమెట్టుగా పైకెత్తబడి వచ్చుచున్నది. దూరమునుండి తెచ్చిన నీటిని దగ్గరి కాలువలో పారబోయుట తెలివి కాదు.

పెద్దలారా! మీ యూరి పాలకేంద్రమునకో, నూనె గానుగకో, బెల్లపు పాకకో పోయినపుడు మూడు మాటలు అడుగుడు. నీరు పోయుటకు ముందు గీకి తుడుచుచున్నారా? ఒక్కమారుగా గాక కొద్దికొద్దిగా పోయుచున్నారా? కడపటి నీటిని మరుసటి తొలి కడుగునకు నిలువచేయుచున్నారా? పెద్దలడిగినచో పిన్నలు విందురు. అట్లు మిగిలిన నీటికి శాసనము వ్రాయువారు లేకపోవచ్చును. వేసవిలో ఎండని బావియే దానికి శాసనము.