మంచుచరియల ముప్పు – పెద్దల యెఱుక

మన సీమలో మంచనగా ధనుర్మాసపు వేకువను పైరుపై నిలుచు తడియే. ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములయందు అదియే నిలువెత్తున పేరుకొని, ఒక్కొక్కప్పుడు చరియవలె విరిగి, ఇండ్లను మనుష్యులను కప్పివేయును. ఆ ముప్పును ముందుగా గుర్తించుటకు అచ్చటివారు పడిన పాటు తెలిసికొనదగినది.

స్విట్జర్లండునందు అండర్మాట్ అను గ్రామము కలదు. దాని తలాపున నిటారుకొండ, కొండపై నొక యడవి. ఆ చెట్లు మంచును జాఱనీయక పట్టియుంచునని గ్రామస్థులు అనుభవముచే నెఱిగి, 1397వ సంవత్సరమున ఆ యడవిని కొట్టరాదని కట్టడి చేసికొనిరి. కొలతసాధనములు లేని కాలమున పెద్దల యెఱుకయే శాస్త్రము.

ఊరికి అడవి కాపు. మఱి చెట్టులేని కనుమలు దాటు బాటసారికి కాపేది? అటవీశాఖాధికారి యోహాన్ కోఆజ్ చరియలు జాఱు తావులను పరిశీలించి 1881లో గ్రంథము ప్రకటించెను. పిమ్మట 1936లో దావోస్ పట్టణముపైనున్న వైస్‌ఫ్లూయోఖ్ కనుమయందు శాస్త్రజ్ఞులు మంచును త్రవ్వి చూడసాగిరి. మంచు ఒకే ముద్ద కాదు. కురిసిన ప్రతిసారి ఒక పొర. అడుగుపొర యొక్కొకప్పుడు పంచదార పలుకులవలె విడివడియుండును. ఆవాలు చల్లిన వాలుపీటపై మఱియొక పీట నిలుచునా? వాలు సుమారు 30 మొదలు 45 డిగ్రీలున్నచోట, కొత్తమంచుగాని గాలి తెచ్చి పోసిన మంచుగాని పైకెక్కినచో, ఒక్కని యడుగుబరువునకే పైపొర జాఱును. కావున వాలు, కొత్తమంచు, గాలి, హఠాత్తుగా కలుగు వెచ్చదనము, అడుగుపొర – ఈ యైదింటిని చూచి బయలుదేఱవలయును.

1945 నుండి ఆ పరిశోధకులు ప్రజలకు హెచ్చరికలు ప్రకటించుచున్నారు. 1993లో ఐరోపా దేశములు అపాయమును ఐదు మెట్లుగా విభజించెను. అయినను 1950–51 శీతకాలమున స్విట్జర్లండులోనే 98 మంది చరియలక్రింద మరణించిరి. నేటికిని మంచుకొండలలో విహరించుచు చరియపాలగువారిలో పెక్కుమందిపై పడునది తాముగాని తమ తోడివారుగాని కదల్చిన చరియయే. ఐదింటిని చూచుట విద్య. చూచి వెనుదిరుగుట వివేకము. గమ్యము కంటికెదుట నున్నపుడు రెండవది మిక్కిలి కష్టము.

ఈ యెఱుకను స్విట్జర్లండు, ఆస్ట్రియా దేశముల వారసత్వముగా యునెస్కో 2018లో గుర్తించెను. అందు శాస్త్రజ్ఞుల కొలతలతోపాటు పల్లెపెద్దల జ్ఞాపకమునకును చోటు దక్కెను. మన యూళ్లలోను ఏ వాగు ఏ వానకు పొంగునో, ఏ గట్టు తెగునో పెద్దలకే తెలియును. దానిని పిన్నలకు చెప్పి పోవుట పెద్దల విధి.