అంగలకుదురు సీమ: వంశావళులలో లేని పేరులు

మన దేశమున క్రొత్తవానిని చూచినంతనే అడుగు ప్రశ్నలు రెండు: మీదే యూరు? మీరెవరివారు? మొదటిది నేలను గూర్చినది, రెండవది వంశమును గూర్చినది. ఈ రెండింటికిని ఎవ్వరైనను తడుముకొనక ప్రత్యుత్తర మిత్తురు. కాని ఆ యుత్తరమును నాలుగు తరములు వెనుకకు త్రోసి చూడుడు; ముత్తాత తండ్రి పేరుకడ నాలుక తడబడును. మగధ రాజుల పట్టికలు బడిలో వల్లించినవారికి సయితము తమ యింటి పట్టిక తెలియదు. ఊరి చరిత్రమనగా నిట్టి యింటి చరిత్రముల కూడికయే గావున, ఇల్లు మఱచినది ఊరును మఱచును.

ఈ సంగతిని విచారించుటకు మేము తెనాలి ప్రక్కనున్న అంగలకుదురు సీమను తీసికొంటిమి. ఇచ్చట రాతిమీద చెక్కినది, కాగితమున వ్రాసినది, నోట నిలిచినది అని సాక్ష్యము మూడు విధములుగ నున్నది. మూడింటిని తూచి చూచినగాని వానిలో నేది నమ్మదగినదో, ఎవరి పేరు విడువబడినదో తేటపడదు.

అంగలకుదురు తెనాలికి పడమట, గుంటూరు పోవు మార్గమున నున్న పల్లె. 1916లో గుంటూరునుండి తెనాలి మీదుగ రేపల్లెకు వేసిన ఇనుపదారి దీని ప్రక్కగనే పోవుచున్నది. ఇట్టి యూరికి ప్రాచీనత నంటగట్ట దలచువారికి మొదట కనబడునది దాని పేరు. తెనాలి తాలూకాలోని కొండముదిలో దొరకిన ప్రాకృత తామ్రశాసనమునందు బృహత్ఫలాయన జయవర్మయను రాజు కుదూరమను నగరమునుండి ఆజ్ఞ పంపి, కుదూరాహారమను మండలములోని యొక గ్రామమును ఎనమండుగురు బ్రాహ్మణుల కిచ్చినట్లున్నది. అది రమారమి పదునేడు వందల యేండ్లనాటి మాట. ఆ కుదూరమే మా కుదురని చంకలు గొట్టుకొనుట మిక్కిలి సులభము. కాని పండితులు పెక్కుమంది కుదూరమును బందరు ప్రాంతమున గుర్తించిరి. కుదురు అనగా చెట్టు మొదట నీరు నిలుపు పాదు. కుండ నిలుచుటకు క్రింద బెట్టు చుట్టయు కుదురే. ఇట్టి వాడుకమాట ఏ యూరిపేరునందైనను చేరవచ్చును. ఇంటిపేరు కలసిన వారందఱు దాయాదులు గానట్లే, పేరు కలసిన యూళ్లన్నియు నొకటి గావు. చరిత్రము వ్రాయదలచినవాడు మొట్టమొదట త్రుంచుకొనవలసినది ఈ యూరి గర్వమునే.

ఇక రాతిసాక్ష్యము. ఈ సీమకు పడమటి వైపున చేబ్రోలు గలదు. అచ్చట బయటపడి, 2019లో ప్రకటింపబడిన శాసనమొకటి శాతవాహన విజయునికాలమున, క్రీ. శ. 207లో, వ్రాయబడినదని శాసనపరిశోధకులు నిర్ణయించిరి. దక్షిణదేశమున దొరకిన సంస్కృతశాసనములలో ఇదియే మిక్కిలి ప్రాచీనమని వారి మతము. అందు వర్ణితమైనది సప్తమాతృకల గుడి. ఇట్టి ప్రాచీనశాసనము మాతృదేవతల గుడిని గూర్చినదగుట చదువరులు గమనింప దగినది. మానవమాతల పేరుల విషయమున మాత్రము ఆ రాళ్లు పలుమారు మూగవోయినవి.

అదే చేబ్రోలిలో 1213వ సంవత్సరపు మఱియొక శాసనమున్నది. అది కాకతి గణపతిదేవుని గజసాహిణియు, నృత్తరత్నావళీ కర్తయు నగు జాయపసేనానిది. గణపతిదేవుడు వెలనాటిని, దివిసీమను వశపఱచుకొని, జాయపుని సహోదరీమణులైన నారమను, పేరమను వివాహమాడెను. జాయపుడు పుట్టిన అయ్యకులము తరతరములుగ కీర్తింపబడినది. ఆ కులమున బుట్టిన ఆడుపడుచులలో ఈ యిద్దఱి పేరులు నేటికిని నిలుచుటకు కారణము వారు రాజును పెండ్లాడుటయే. గణపతిదేవుని కూతురు రుద్రమదేవి రాజ్యమేలిన కాలమున ఆమెకు పురుషనామ ముంచి రుద్రదేవ మహారాజని శాసనములు వ్రాసిరి. సింహాసన మెక్కిన స్త్రీయే మగవాని పేరు దాల్చి చరిత్రమున ప్రవేశింపవలసి వచ్చెనన్న, పొలమునందు నాటువేసిన స్త్రీ మాట చెప్పనేల?

రెండవది కాగితము. పూర్వము కరణముల యిండ్లలో దండకవిలెలని యుండెడివి. ఊరి పుట్టుక, గుడుల మాన్యములు, రాజుల మార్పులు, మిరాసీ పాళ్లు వానిలో వ్రాసి యుంచెడివారు. కర్నల్ కాలిన్ మెకంజీ కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయమున సేకరింపించిన గ్రామ కైఫియత్తులలో పెక్కింటికి ఈ కవిలెలే మూలము. వానిని చదివిన, గజపతులనుండి కృష్ణదేవరాయల కడకు, అచ్చటనుండి గోలకొండ సుల్తానులకడకు భూమి చేతులు మారిన తీరు కన్నులకు గట్టును. కాని కరణము వ్రాసినది శిస్తుకొఱకును, హక్కుకొఱకును. ఎవనికి మాన్యమున్నదో వాడు కవిలె కెక్కెను. కూలికి పోయినవాడు లెక్కకు రాలేదు. మాలమాదిగ పల్లెలు వెట్టివారి యుద్యోగముగ, ఇనాము కుంటలుగ నందు గానవచ్చునే గాని మనుష్యులుగ నంతగ గానరావు.

ఆ కాగితములకు రాజకీయముల బాధయు దప్పలేదు. గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషు కుంఫిణీ చేతికి వచ్చెను. 1859లో ఆ జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో గలసెను. 1904లో మరల వేరయ్యెను. 2022లో రేపల్లె, బాపట్లలు బాపట్ల జిల్లాకు బోగా తెనాలి గుంటూరులోనే నిలిచెను. ఇట్లు కచేరీ మాఱినప్పుడెల్ల దస్తావేజులు బండ్లెక్కెను. 1984లో కరణీకము రద్దగుటతో కవిలెను తమ సొత్తుగ గాపాడుకొను వృత్తియే యంతరించెను. సంస్కరణము న్యాయమైనదే, పుట్టుకచే వచ్చు నధికారమును మేము సమర్థింపము. కాని అధికారముతోడ కవిలెకట్టయు అటకమీద చెదల పాలు గావలసిన పనిలేదు.

మూడవది నోటిసాక్ష్యము. కాపుకమ్మ కుటుంబములకు పిచ్చుకుంట్లవారు, సాలెలకు సాధనాశూరులు, కోమట్లకు వీరముష్టులు, విశ్వకర్మలకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు: ఇట్లు ఒక్కొక్క కులమునకు గోత్రములు, వంశకథలు వినిపించు ఆశ్రితు లుండిరి. కరణము కవిలెలో చోటులేనివారికిని తమ చరిత్రకారుడు తమకు గలడనుట మనము మఱవరాదు. డక్కలి పాడు జాంబపురాణము రాజాస్థానము మెచ్చిన గ్రంథము గాదు. ఐనను ఒక జనము తన పుట్టుకను తాను చెప్పుకొనిన సాక్ష్యము. అయితే యాచనచే బ్రదుకు గాయకుడు దాతను పొగడక తప్పదు గావున, ప్రతి వంశమును ఏదో యొక రాజునుండియో, ఋషినుండియో దిగివచ్చును. పొగడ్తను జల్లెడపట్టి, ఊళ్ల పేరులు, వలసదారులు, వియ్యములు మాత్రము గైకొనవలెను.

వలసలకు మఱియొక సాక్షి మన యింటిపేరే. దుగ్గిరాలవారు, కొల్లూరివారు, చావలివారు, చేబ్రోలువారు, భట్టిప్రోలువారు అని వినుచున్నాము. దుగ్గిరాలలో నుండగా ఎవ్వరును దుగ్గిరాలవారని పిలువరు. అచ్చట అందఱును దుగ్గిరాలవారే గదా. ఊరు విడిచి పోయిన పిదపనే ఆ పేరు అంటుకొనును. కావున ఊరి పేరు ఇంటిపేరైన ప్రతి కుటుంబమును తన నొసట నొక ప్రయాణమును వ్రాసికొని తిరుగుచున్నది.

ఈ ప్రయాణములలో పెక్కింటికి కారణము ఆకలి. 1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు సీమను పాడుచేసెను. జిల్లాలోని సుమారు ఐదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వఱకు నశించిరని ఆనాటి యంచనాలు. ఈ ప్రాంతపు వంశావళి అడిగి వ్రాసికొనువారు నందనకు పూర్వము పేరులు తెగిపోయినచో ఆశ్చర్యపడరాదు. చెప్పవలసిన ముసలివారే పోయిరి. అటుపిమ్మట 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట ఈ సీమ రూపమును మార్చెను. తెనాలి నడుమ నేడు పాఱు కాలువలు ఆ నీటి సంతతియే. మెట్ట మాగాణియయ్యెను, మాగాణికి ధరవచ్చెను, ధరతో వియ్యములును, వ్యాజ్యములును వచ్చెను. ఆనకట్టను గట్టించిన దొరల పేరులు మనకు తెలియును. మన్ను మోసిన గంపల క్రింది తలలు ఎవరివో ఏ వంశావళియు జెప్పదు.

ఇపుడు మా ప్రధాన వాక్యమునకు వచ్చెదము. మన యిండ్లలోని వంశవృక్షములను జూడుడు. తండ్రి, కొడుకు, మనుమడు. కొమ్మనుండి కొమ్మ చీలుచునే యుండును. ఈ వృక్షమున ఆడుపిల్ల యొక చిగురైనను గాదు. పుట్టినింట ఆమె యితరుల సొత్తు. మెట్టినింట ఇంటిపేరు, గోత్రము మారి క్రొత్త మనిషి. పితృకార్యములందు తల్లి, నాయనమ్మ, ఆమె యత్తగారు అని మూడు తరముల పేరులు పలుకు నాచారము గలదు. నాలుగవ తరము వచ్చుసరికి ఒక పేరు జారిపోవును. పొలము, ఆవు, నగ లెక్కకెక్కినవి. వానిని కూడబెట్టిన యిల్లాలు లెక్కకెక్కలేదు.

ఇది లోకమంతటను ఇట్లేయుండునని కొందఱనవచ్చును. అట్లు గాదు. ఫ్రాన్సు దేశమున 1539లో రాజాజ్ఞచే బాప్తిస్మముల పుస్తకము లారంభమయ్యెను. ఆ పుస్తకములలో స్త్రీని పుట్టింటి పేరుతోనే వ్రాయుట వారి వాడుక. అందుచే అచ్చటి ద్రాక్షతోటల పల్లెలలో సామాన్య కృషీవలుడును తన తల్లి తల్లివైపు పూర్వులను శతాబ్దులు వెనుకకు వెదకుకొనగలుగుచున్నాడు. మన దేశమున జననమరణములు తప్పక నమోదు చేయవలెనను చట్టము 1969లో గాని రాలేదు. ఐనను పూనికయున్న కార్యసాధనమునకు కొదువలేదని భండారు అచ్చమాంబగారు 1901లోనే నిరూపించిరి. ముప్పది యేండ్లైన నిండని యా విదుషీమణి అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసి, స్త్రీలకు చరిత్రము గలదని తెలుగువారికి చాటెను.

ఈ చర్చ పేరులతో ముగియునది గాదు. పంపకపు దావాలో న్యాయస్థానము మొదట కోరునది వంశవృక్షమే. అందు పేరులేనివారికి భాగము లేదు. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5వ తేదినుండి కూతురికిని పిత్రార్జితమున కొడుకుతో సమానముగ జన్మహక్కు గలదని చట్టమయ్యెను. అంతకుముందే పెండ్లియైనవారు మాత్రము ఆ ఫలము బొందరైరి. 2005లో దేశమంతటికిని అట్టి శాసనము వచ్చెను. చట్టము కాగితమున కొమ్మ నాటినది. మన యింటి వృక్షమున ఆ కొమ్మ మొలిచినదా? ఆడుపడుచుచేత పసుపుకుంకుమల క్రింద కొంచెము సొమ్మిచ్చి సంతకము పెట్టించుకొను నాచారము నిలిచియున్నంతకాలము మొలువలేదనియే మా యభిప్రాయము. పేరు వ్రాయుటకు ఇష్టపడని చేయి పొలము వ్రాయుట కిష్టపడునా?

కావున గృహస్థులకు మా విన్నపము. మీ యింట వృద్ధు లెవరైన నుండిన నేడే వారి చెంత కూర్చుండి వ్రాసికొనుడు. తల్లి పేరు, ఆమె పుట్టిన యూరు, ఆమె తల్లి పేరు, ఆమె పుట్టిన యూరు: ఇట్లు తల్లివైపున నడువుడు. తండ్రివైపు పట్టిక ఇదివఱకే దొరకును. ఇంటిపేరు ఏ యూరిదో, ఆ యూరు విడుచుటకు హేతువేమో అడుగుడు. కరవో, కాలువో, కూలియో, వియ్యమో, ఏది చెప్పినను వ్రాయుడు. అటకమీద కవిలె యున్న దించి, దుమ్ము దులిపి, ప్రతి వ్రాయించుడు. మీ పొలమున తరతరములుగ పనిచేసిన కుటుంబములను వారి పేరులతో వ్రాయుడు. వారి చరిత్రము లేక మీ చరిత్రము సగమే.

అట్లు అంగలకుదురులో పది యిండ్లవారు వ్రాసిన, అది శాసనములు, కైఫియత్తులు చెప్పలేకపోయిన సంగతులను జెప్పును. రాజు వంశము తెగిన రాజ్యము మాత్రమే పోవును. అమ్మమ్మ పేరు మఱచిన యింట నేర్చిన వంట, పాడిన లాలిపాట, పొదుపు చేసిన రూక, అన్నియు ననాథము లగును. ఆ పేరు చెప్పగలవారు మన నడుమ ఇంకను గొందఱున్నారు. వారిని అడుగుట మన పని.