సోమాజిగూడ నుంచి జిల్లా పేజీ దాకా

1970ల మొదట్లో విశాఖపట్నంలో పొద్దుటి కాఫీతోపాటు ఆ రోజు పేపరు చదవడమన్నది అందరికీ దక్కే భాగ్యం కాదు. పేరున్న తెలుగు దినపత్రికలు విజయవాడలో అచ్చయి రైలెక్కి వచ్చేవి. కట్టలు స్టేషన్లో దిగి, ఏజెంటు చేతికి చేరి, ఇంటికొచ్చేసరికి పొద్దెక్కిపోయేది. పత్రికంటే అంతేలే అని జనం సరిపెట్టుకున్నారు. సరిపెట్టుకోనక్కర్లేదని తలచినవాడు చెరుకూరి రామోజీరావు.

కృష్ణా జిల్లా పెదపారుపూడి రైతు కుటుంబంలో పుట్టిన ఆయన అప్పటికే మార్గదర్శి చిట్‌ఫండ్ నడుపుతున్నారు. 1969లో రైతుల కోసం ‘అన్నదాత’ మాసపత్రిక తెచ్చారు. 1974 ఆగస్టు 10న విశాఖ సీతమ్మధారలో ‘ఈనాడు’ మొదలైంది. తొలి సంపాదకుడు ఏబీకే ప్రసాద్. మొదట అచ్చయింది కొద్ది వేల ప్రతులే. వార్తలు మిగతావాళ్లకూ దొరుకుతాయి, కాగితం అందరూ కొనుక్కోవచ్చు. ఈనాడు కొత్తగా తెచ్చింది వేళ. తెల్లవారకముందే పేపరు గుమ్మంలో పడాలన్న పట్టుదలే ఆ పత్రిక అసలు పెట్టుబడి అని నేను నమ్ముతాను.

ఏడాది దాటాక, 1975 డిసెంబరు 17న, హైదరాబాద్ ఎడిషన్ వచ్చింది. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది, పత్రికల మీద సెన్సారు ఉంది. అలాంటి రోజుల్లో రాజధానికి రావడం తేలికైన నిర్ణయం కాదు. పంజాగుట్టకూ ఖైరతాబాద్‌కూ నడుమనున్న సోమాజిగూడ ఆ పత్రికకు దశాబ్దాలపాటు చిరునామా అయింది.

ఈ నగరంలో తెలుగు పత్రికకు అంతకుముందే గట్టి చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో, 1926 మే 10న, సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. రజాకార్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో ఈ ఊళ్లోనే చంపేశారు. పత్రిక నడిపినందుకు ప్రాణమే మూల్యమైన నేల ఇది. ఈనాడు వేసిన బాట వేరు. అది ఉద్యమ పత్రికగా పుట్టలేదు. పాఠకుణ్ని లెక్కగట్టి, వాడి ఊరిదాకా వెళ్లి పట్టుకున్న పత్రిక.

హైదరాబాద్‌లో సనత్‌నగర్ అంటే అప్పట్లో పారిశ్రామికవాడ. ఆల్విన్ లాంటి కర్మాగారాల పేరు చెబితే ఆ ప్రాంతం గుర్తుకొచ్చేది. మొదటి షిఫ్టుకు బయల్దేరే కార్మికుడికి తొమ్మిదింటికొచ్చే పేపరు దేనికి? తెల్లవారుజామున అమీర్‌పేటలో ఏదైనా మూసిన షాపు ముందు కాసేపు నిలబడితే ఆ వేళ విలువ తెలుస్తుంది. వ్యాను కట్టలు విసిరి వెళ్లిపోతుంది. ఏజెంటు తాడు తెంపి లెక్క చూసుకుంటాడు. కుర్రాళ్లు మెట్ల మీద బాసింపట్టు వేసుకుని పేపర్లలో కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు దూరుస్తారు. వేలికి సిరా అంటుకుంటుంది, చూపు మాత్రం కాగితం మీద ఉండదు. ఏ గల్లీకి ఏ పేపరు ఎన్నో చేతికే తెలుసు. వ్యాను అరగంట ఆలస్యమైతే అటు పత్రిక డెస్కులో రాత్రంతా పడ్డ కష్టం సగం వృథా.

1983 జనవరిలో ఎన్టీఆర్ గెలిచిన ఎన్నికల్లో ఈనాడు ఆయన పక్షాన బాహాటంగా నిలిచింది. పత్రిక అలా నిలవొచ్చా అన్న వాదన అప్పుడు మొదలై ఇప్పటికీ తెగలేదు. వార్తా పేజీకి, పార్టీ పక్షానికి మధ్య గోడ ఉండాలన్నదే నా మాట. కానీ ఆ ఏడాదే వచ్చిన ఇంకో వివాదంలో పత్రిక పక్షమే సరైనది. శాసనమండలిలో జరిగిన గొడవకు ఈనాడు ‘పెద్దల గలభా’ అని శీర్షిక పెట్టింది. సభా హక్కులకు భంగమని మండలి ఆగ్రహించింది. రామోజీరావును సభ ముందు నిలబెట్టాలన్నదాకా వెళ్లింది. సుప్రీంకోర్టు అరెస్టును ఆపింది. సభ మాట చెల్లాలా, కోర్టు మాట చెల్లాలా అన్న చిక్కు 1984లో దేశమంతా చర్చ అయింది. మరుసటి ఏడాది మండలే రద్దయింది, అయితే దాని కారణాలు వేరు.

అన్నిటికన్నా పెద్ద మార్పు 1989లో వచ్చింది. ఈనాడులో జిల్లా జిల్లాకూ విడిగా చిన్న సైజు పేపరు మొదలైంది. జనం నోట అది ‘మినీ’ అయింది. మండల కేంద్రంలో బోరు ఎండిపోయినా, బడి పైకప్పు కురిసినా అచ్చులోకి ఎక్కే రోజు వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడినప్పుడు ఈనాడు ఆ ఉద్యమానికి పేజీలు తెరిచింది. 1993లో సారా నిషేధం వచ్చింది. పల్లె ఆడవాళ్ల పోరాటం ఊరి పొలిమేర దాటి సచివాలయం దాకా చేరడంలో ఆ పేజీల పాలు చిన్నది కాదు. అలాగని మినీలో అంతా మేలే జరిగిందనలేను. ఆదిలాబాద్‌లో పత్తి రైతు గోడు శ్రీకాకుళం పాఠకుడి కంట పడకుండా పోయింది. ఏ జిల్లా బాధ ఆ జిల్లా పేజీలోనే పుట్టి అక్కడే మాసిపోయేది.

‘ఉదయం’, ‘వార్త’, 2002లో మళ్లీ తెరుచుకున్న ‘ఆంధ్రజ్యోతి’, 2008లో ఒకేసారి 23 ఎడిషన్లతో దిగిన ‘సాక్షి’ పత్రికలన్నీ ఈ జిల్లా పేజీల పద్ధతినే ఎదుర్కోవాల్సి వచ్చింది, ఎక్కువ పత్రికలు దాన్నే అనుసరించాయి.

2024 జూన్ 8న రామోజీరావు కన్నుమూశారు. సంస్మరణలన్నీ ఆయన దూరదృష్టిని తలుచుకున్నాయి, అది న్యాయమే. నాకు మాత్రం మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు గుర్తొచ్చారు. తెలుగు పత్రికలన్నిటినీ ఊరూరా నిలబెట్టింది వాళ్లే. అచ్చయిన తమ వార్తల్ని కత్తిరించి, కాగితానికి అంటించి, స్కేలుతో సెంటీమీటర్లు కొలిచి పారితోషికం కోసం నెలాఖరున ‘లైన్ అకౌంట్’ పంపేవారు. అచ్చుకాని వార్త కోసం తిరిగిన తిరుగుడుకు ఆ లెక్కలో చోటు లేదు. వాళ్ల పేర్లతో, వాళ్ల మండలాలతో ఒక తెలుగు పత్రికా చరిత్ర ఇంకా రావాల్సి ఉంది.