మిల్లు నేల ఎవరిది?

ముంబయి తెలుగువారి చరిత్ర అనగానే మనం సంఘాలు, సభలు, నాటకాలు లెక్కపెడతాం. వారు పనిచేసిన నేల చరిత్రను అంతగా పట్టించుకోం. ఈ వ్యాసంలో ఆ నేల గురించే నాలుగు మాటలు చెప్పదలచాము.

ఏడు దీవుల నడుమ నీటిని ఆపి, పల్లాలు పూడ్చి కలిపిన ఊరు బొంబాయి. 18వ శతాబ్ది చివర మహాలక్ష్మి వద్ద సముద్రపు గండికి అడ్డంగా హార్న్‌బీ కట్ట వేశాక, లోపలి ముంపు నేల క్రమంగా నివాసయోగ్యమైంది. నైజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కట్టుబడి కూలీలు అక్కడ స్థిరపడ్డారు. కామాఠీలని వారికి పేరు. కామాఠీపురా ఆ పేరుతో ఏర్పడిందే. ఆ మాట వినగానే లోకం ఇప్పుడు వేరే అర్థం తీస్తుంది గాని, రాయి మోసినవారు ముందు, ఆ అర్థం తర్వాత. వీరిలోంచే వ్యంకూ బాలోజీ కాలేవార్ వంటి కంట్రాక్టర్లు ఎదిగి, ఫూలే సత్యశోధక ఉద్యమానికి అండగా నిలిచారు.

మిల్లులు వచ్చాక, మగ్గం మీద బతుకు సాగని తెలంగాణ పద్మశాలీలు పరేల్, వర్లి చాళ్లకు చేరారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ సమ్మెను లాంఛనంగా విరమించినవారు లేరు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, నేల మిగిలింది.

అసలు కథ ఇక్కడినుంచే. 1991 నాటి నిబంధన ప్రకారం మిల్లు నేలను అభివృద్ధి చేస్తే మూడు వాటాలు: ఒకటి నగరపాలక సంస్థకు, ఒకటి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు, ఒకటి యజమానికి. 2001లో దీన్ని సవరించి, పంపకం ఖాళీ నేలకే వర్తిస్తుందన్నారు. షెడ్లు, గోదాములు, బాయిలర్ గదులు నిండిన మిల్లులో ఖాళీ నేల ఎంత ఉంటుంది? షెడ్డు కూల్చగా వచ్చిన నేల మాత్రం లెక్కలోకి రాదు. 2005లో బొంబాయి హైకోర్టు ఈ అన్వయాన్ని ఒప్పుకోలేదు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. చిన్న సవరణే గాని, మా దృష్టిలో సమ్మె ఓటమి కంటే పెద్ద దెబ్బ ఇదే.

లోయర్ పరేల్‌లోని ముంబయి టెక్స్‌టైల్ మిల్లునే చూడండి. సుమారు 17 ఎకరాలు. జాతీయ జౌళి సంస్థ 2005లో దాన్ని 702 కోట్లకు డీఎల్ఎఫ్ సంస్థకు అమ్మింది. 2012లో లోధా సంస్థ అదే నేలను 2,727 కోట్లకు కొన్నది. ఇప్పుడక్కడ సముద్రం కనిపించే ఎత్తున విలాస నివాసాల అంతస్తులు లేచాయి. సరిగ్గా ఆ 2012లోనే, జూన్‌లో, మిల్లు కార్మికుల ఇళ్లకు తొలి లాటరీ తీశారు. ఇళ్లు 6,925, ఒక్కొక్కటి 225 చదరపు అడుగులు. దరఖాస్తులు లక్షన్నరకు చేరువ.

ఈ ఇళ్లకు అర్హత తేల్చేది పాత కాగితాలే: మిల్లు టికెట్టు, సెలవు కార్డు, భవిష్యనిధి చీటీ. కార్మికుడు గతించినా వారసులకు హక్కుంది. సమ్మె తర్వాత కరీంనగర్, నల్లగొండ వైపు తిరిగి వెళ్లిన కుటుంబాల పెట్టెల్లో ఇవి నేటికీ ఉండవచ్చు. విద్యార్థులు వెతికేటప్పుడు పేర్ల రాతను జాగ్రత్తగా చూడాలి: మన ఇంటిపేరు చివరి 'వారు' మరాఠీ పత్రాల్లో 'వార్'గా మారి కనిపిస్తుంది.