వి.పి.ఎన్. – పుట్టుక, పనితీరు, పరిమితి

దూరప్రాంతములలోని తమ శాఖలను కలుపుకొనుటకు పెద్ద సంస్థలు పూర్వము టెలిఫోను కంపెనీల నుండి ప్రత్యేకమైన తీగలను అద్దెకు తీసుకొనెడివి. ఆ తీగలపై ఇతరుల వార్తలు నడువవు. రక్షణ కలదు గాని, దూరము పెరిగినకొలది అద్దెయు పెరుగుచుండెను. 1990 దశకమున ఇంటర్నెట్టు వ్యాప్తిలోనికి వచ్చుటతో చౌక మార్గము లభించెను. అయినను అది పలువురి యంత్రముల మీదుగా సాగు బహిరంగ మార్గము. నడుమనున్నవారు సమాచారమును చదువవచ్చును, మార్చనువచ్చును.

ఆ బహిరంగ మార్గముననే ఏకాంతమును సాధించుటకు కల్పింపబడినది వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, అనగా వి.పి.ఎన్. 1995 ఆగస్టులో ఐపీసెక్ నియమావళి వెలువడెను. 1996లో మైక్రోసాఫ్టు మొదలగు సంస్థలు పి.పి.టి.పి. పద్ధతిని ప్రవేశపెట్టెను. మైక్రోసాఫ్టు వాడిన ఆ పద్ధతిలోని లోపములను 1998లో బ్రూస్ ష్నయర్, మడ్జ్ అను నిపుణులు బయటపెట్టిరి. 2001లో ఓపెన్ వి.పి.ఎన్. వచ్చెను, 2020లో వైర్‌గార్డ్ లినక్సు మూలభాగమున చేరెను.

దీని పనితీరు ఇట్టిది. ఉత్తరమును చిరునామాతో సహా గూఢలిపిలోనికి మార్చి, వేరొక కవరులో నుంచి, మధ్యవర్తికి పంపినట్లు కంప్యూటరు సమాచారమును వి.పి.ఎన్. సర్వరునకు పంపును. సర్వరు పై కవరు విప్పి లోనిదానిని గమ్యమునకు చేర్చును. ప్రత్యుత్తరమును అట్లే తెచ్చి యిచ్చును. కావున స్థానిక ఇంటర్నెట్టు కంపెనీకి ఆ సర్వరుతోడి సంబంధము మాత్రమే కనబడును. గమ్యమైన వెబ్‌సైటుకు సర్వరు చిరునామాయే తెలియును.

ఇంటినుండి కార్యాలయపు పని చేయువారికి ఇది ఆధారము; 2020లో కోవిడ్ కాలమున దీని అవసరము ఇంకను హెచ్చెను. రైల్వే స్టేషనులలోని వైఫై వాడువారు రక్షణకై దీనిని ఆశ్రయింతురు. చైనా వంటి దేశములలో నిషిద్ధమైన వెబ్‌సైటులను చూచుటకును దీనిని వాడుదురు.

అయినను గోప్యత సంపూర్ణమని భ్రమపడరాదు. స్థానిక కంపెనీకి కనబడని రాకపోకలు వి.పి.ఎన్. నడపువారికి కనబడును. స్వంత పేరుతో లాగిన్ అయినవానిని వెబ్‌సైటు గుర్తించునే గుర్తించును. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్, ఖాతాదారుల పేర్లు, చిరునామాలు మొదలగు వివరములను 5 సంవత్సరములు భద్రపరచవలెనని వి.పి.ఎన్. కంపెనీలను ఆదేశించెను. అందుకు సమ్మతింపక కొన్ని విదేశీ కంపెనీలు ఆ యేడే ఇచ్చటి సర్వరులను తొలగించెను.

కావున వి.పి.ఎన్. నమ్మకము యొక్క అవసరమును తొలగింపదు. ఒకరిపై నుంచిన నమ్మకమును వేరొకరిపైకి మార్చును. ఉచితముగ దొరకినదని చేపట్టుటకు ముందు, దానిని నడపువారెవరో, ఏ దేశపు చట్టమునకు లోబడినవారో, ఏ వివరములను దాచుకొందురో విచారించుట వివేకము.