పండరీపుర వారీ

పండరీపుర వారీ మహారాష్ట్రలో విఠలుని భక్తులైన వార్కరీలు ఏటా చేసే పాదయాత్ర. ఇది ఆషాఢ శుద్ధ ఏకాదశి (తొలి ఏకాదశి) నాటికి భీమానదీ తీరాన గల పండరీపురం చేరుతుంది.

జ్ఞానేశ్వరుని పాదుకలు ఆళంది నుండి, తుకారాముని పాదుకలు దేహూ నుండి పల్లకీలలో బయలుదేరుతాయి. ప్రయాణానికి సుమారు మూడు వారాలు పడుతుంది. వార్కరీలు 'దిండీ'లనే బృందాలుగా, తాళమృదంగాలతో అభంగాలు పాడుతూ నడుస్తారు. స్త్రీలు తులసి కుండీలను శిరస్సుపై మోస్తారు. దారిలో జరిగే 'రింగణ్'లో రౌతు లేని అశ్వం భక్తుల వలయంలో పరుగెడుతుంది. దానిపై జ్ఞానేశ్వరుడే ఆసీనుడై ఉంటాడని విశ్వాసం.

యాత్రికులు ఒకరినొకరు 'మావులీ' (తల్లీ) అని పిలుచుకొని పాదాలకు మ్రొక్కుతారు. అయితే ఆలయంలోకి దళితులకు చాలాకాలం ప్రవేశం ఉండేది కాదు. దళిత భక్తకవి చోఖామేళా సమాధి మహాద్వారం ఎదుటనే ఉన్నది. 1947లో సానే గురూజీ నిరాహారదీక్ష అనంతరం వారికి ప్రవేశం లభించింది.