మూసీ వరదయు, హైదరాబాదు నగర నిర్మాణమును

మన పూర్వులు సప్తసంతానములను పేర్కొన్నప్పుడు పుత్రుని సరసనే తటాకమునకును, వనమునకును స్థానమిచ్చిరి. కన్నబిడ్డ వంశమును నిలుపును. చెఱువు ఊరిని నిలుపును. దీనిని కేవలము పుణ్యచింతగా తలచి విడిచిపెట్టుట తగదు. ఒక ఊరి నేలలో ఎంత భాగము ఇండ్లకు, ఎంత భాగము పంటకు, ఎంత భాగము నీటికిని చెట్లకును విడువవలెనను లెక్క ఇందులో నిమిడియున్నది. రహదారులవలెనే, మంచినీటి గొట్టములవలెనే చెఱువులు, వాగుల యొడ్డులు, తోటలు, అడవులు కూడ నగరమునకు పనిచేసిపెట్టు ఏర్పాటులేయని నేటి నగర నిర్మాణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దీనికి వారు హరిత మౌలిక వ్యవస్థ యని పేరు పెట్టిరి. పేరు క్రొత్తది, పని ప్రాతది. ఆ పని విలువను, దానిని మఱచినందువలని నష్టమును ఒక్క నగర చరిత్రలోనే చూడదలచినచో హైదరాబాదు చక్కని యుదాహరణము.

ముందుగా మన దేశమున ఈ విద్య ఎంత ప్రాతదో గమనింపవలెను. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువు వద్ద 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము దానికి పట్టినట్లు శాసనము తెలుపుచున్నది. అంతకంటె ముఖ్యమైన దేమనగా, మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు రాగూడని ఆఱు దోషములను ఆ శాసనము వివరించుచున్నది. నీరు తక్కువయై భూమి యెక్కువగుట ఒక దోషము. భూమి తక్కువయై నీరెక్కువగుట మఱియొక దోషము. నేలకును నీటికిని తూకము చెడరాదని ఆ కాలపువారు ఱాతిపై చెక్కించిరి. ఓరుగల్లు కాకతీయుల కాలమున వెలసిన రామప్ప, పాకాల, లక్నవరము చెఱువులు ఏడువందల యేండ్లకు పైబడి నేటికిని నీరిచ్చుచున్నవి.

తెలంగాణమున చెఱువు ఒంటరిగా నుండదు. ఎగువ చెఱువు నిండి అలుగు పారినచో ఆ నీరు వాగుద్వారా దిగువ చెఱువును చేరును. అది నిండినచో మఱియొకదానికి పోవును. వీనినే గొలుసుకట్టు చెఱువు లనుచున్నాము. పెద్ద వాన కురిసినపుడు నీరంతయు ఒక్కసారిగా నదిపై పడక, మెట్టుమెట్టున ఆగుచు, ఇంకుచు, నెమ్మదిగా దిగును. వానకాలము గడచిన పిదప ఆ యింకిన నీరే బావులలో ఊరును. చెఱువు నిండినపుడు మునిగి, నీరు తగ్గినపుడు బయటపడు శిఖము భూమిలో ఇండ్లు కట్టరాదను నియమము ఈ యేర్పాటునకు ప్రాణము. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండియుండినంతమాత్రమున ఆ నేల ఖాళీ నేల కాదు; అది వరద కొఱకు కేటాయించిన నేల.

గోలకొండ సుల్తానులు ఈ పద్ధతినే కొనసాగించిరి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున 1562లో హుస్సేన్ సాగరము ఏర్పడెను. 1578లో మూసీపై పురానాపుల్ నిర్మింపబడెను. 1591లో మహమ్మద్ కులీ నదికి దక్షిణమున హైదరాబాదు నగరమును స్థాపించెను. అటుపిమ్మట పందొమ్మిదవ శతాబ్ది తొలి దశలో మీర్ ఆలం చెఱువు వెలసెను. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులు వరుసగా నిలిచిన దాని కట్ట నేటికిని ఇంజనీర్లకు ఆశ్చర్యము గొలుపును. బషీర్ బాగ్, బాగ్ లింగంపల్లి మున్నగు పేరులలోని బాగ్ అనగా తోట. నీటి నడుమ, తోటల నడుమ పెరిగిన నగర మిది.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నగరము మధ్యనుండి ప్రవహించి, నల్లగొండ సీమలో వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నగరము చేరక పూర్వమే ఈసీ యను ఉపనది దీనిలో కలియును. ఎండకాలమున సన్నని పాయగా కనిపించు ఈ నదిని చూచి ప్రజలు భయము మఱచిరి. ఇండ్లు ఒడ్డులను దాటి నదీగర్భమువైపునకు జరిగినవి. ఆ మఱపునకు 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూల్యము చెల్లింపవలసి వచ్చెను.

ఆ దినములలో శంషాబాదు వద్ద 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. ఎగువనున్న చెఱువులు ఒకదానివెంట నొకటి తెగినవి. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకొనిపోయినవి. పురానాపుల్ మాత్రము నిలిచెను. మృతుల సంఖ్య సుమారు 15,000 అని సామాన్యముగా చెప్పబడుచున్నది. రుబాయీలకు ప్రసిద్ధుడైన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయెను. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వృక్షము నేటి ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున నున్నది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను పసుపు కుంకుమలతో, పట్టుచీరతో మూసీని శాంతింపజేసెనని ప్రజలు నేటికిని చెప్పుకొందురు.

శాంతిపూజతో ప్రభుత్వము తృప్తిపడలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించిరి. బొంబాయి ప్రభుత్వపు కొలువును విడిచివచ్చిన ఆ ఇంజనీరు మొదట చేసిన పని లెక్కలు సేకరించుట. నగరమునకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెఱువు లున్నట్లును, వానిలో 221 చెఱువులు తెగినట్లును ఆయన గుర్తించెను. వరద ఉచ్చస్థితిలో నున్నప్పుడు క్షణమునకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పాఱినదని అంచనా వేయబడెను. ఈ లెక్కలలో రెండు నీతులు కలవు. చదరపు మైలునకు సుమారొక్కటి చొప్పున చెఱువులు ఉన్నందున సామాన్యమైన వానలను ఆ నేల తట్టుకొనుచుండెను. కాని, అసాధారణమైన వానకు కట్టలు తెగినపుడు రక్షించవలసిన చెఱువే వరదను పెంచును. కావున చెఱువు ఉండినంతమాత్రమున చాలదు. దాని కట్ట, అలుగు, కాలువ చెడకుండ కాపాడు బాధ్యత కూడ ఉండవలెను.

విశ్వేశ్వరయ్యగారి సూచన స్పష్టమైనది. నగరమునకు పైన మూసీపై నొకటి, ఈసీపై నొకటి, రెండు పెద్ద జలాశయములను కట్టి వరదను అక్కడనే ఆపవలెను. దిగువకు కొలతప్రకారము నీటిని వదలవలెను. నగరములోని నది యొడ్డులను ఇండ్లతో నింపక, ఉద్యానములుగా, విశాలమైన విహారమార్గములుగా తీర్చవలెను. మురుగునీటికి వేఱు మార్గ మేర్పఱుపవలెను. ఆనకట్ట, ఉద్యానము, మురుగు కాలువ వేర్వేఱు శాఖల పనులుగా కాక, ఒకే ఆలోచనలోని భాగములుగా ఆయనకు తోచుట గమనింపదగినది. ఒడ్డున తోట యున్నచో వరద వచ్చినపుడు గడ్డి మునుగును. ఇల్లున్నచో మనుష్యులు మునుగుదురు.

ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను కాలమున ఈ పథకము రూపుదాల్చెను. 1912లో నగరాభివృద్ధి మండలి స్థాపింపబడెను. ఇఱుకు వాడలను తొలగించి క్రొత్త యిండ్లు కట్టుట, వీథులను వెడల్పు చేయుట, నదీతీరమున తోటలు వేయుట దాని పనులయ్యెను. గండిపేట వద్ద మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. మొదటిది సుమారు 3.9, రెండవది సుమారు 2.97 శతకోటి ఘనపుటడుగుల నీటిని నిలుపగలవు. వరదను ఆపుటకు కట్టిన ఈ సాగరములే దశాబ్దముల తరబడి నగర ప్రజల దాహమును తీర్చినవి. ఒకే నిర్మాణము రెండు మేలులు చేసినది.

అయితే జలాశయమునకు గోడ యెంత ముఖ్యమో, గోడకు వెనుకనున్న నేలయు అంత ముఖ్యము. ఆ నేలలో ఇండ్లు, కర్మాగారములు నిండినచో వాననీరు ఇంకదు; మురుగుతో కలిసి వడివడిగా పాఱివచ్చును. ఈ సత్యమును గుర్తించి 1996 మార్చి 8వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 111వ ఉత్తర్వును జారీచేసెను. రెండు సాగరముల చుట్టును 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములయందు కాలుష్యమును కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించెను. ఆ పరిధిలో ఒక నూనె సంబంధమైన పరిశ్రమకు 1997లో మినహాయింపు లభింపగా, అది చెల్లదని 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. త్రాగునీటి మూలమును కాపాడుట ప్రభుత్వ ధర్మమని న్యాయస్థానము నిర్ణయించుట మన దేశ పర్యావరణ న్యాయచరిత్రలో ముఖ్య ఘట్టము.

2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ఆ ఆంక్షలను తొలగించుచు 69వ ఉత్తర్వును వెలువరింపగా పెద్ద చర్చ చెలరేగెను. నగరమునకు నేడు మంజీర, కృష్ణ, గోదావరి జలములు వచ్చుచున్నవి గదా, ఈ రెండు సాగరముల చుట్టును ఇన్ని ఆంక్షలేల యని ఒక వాదము. ఆంక్షల మూలమున భూమి విలువ పెరుగక నష్టపడిన గ్రామీణుల బాధ నిజమైనదే; దానికి న్యాయమైన పరిహారమార్గమును వెదకవలెను. కాని, ఆ వాదములో ఒక మఱపు కలదు. ఈ సాగరములు త్రాగునీటి కొఱకు మాత్రమే పుట్టలేదు. వరదను ఆపుటకు పుట్టినవి. కృష్ణ, గోదావరులు గొట్టములలో నీరు తేగలవు గాని, మూసీ వరదను గొట్టములలోనికి మళ్లింపజాలవు.

నగరము నడిబొడ్డున జరిగిన మార్పులును ఈ విషయమునే చాటుచున్నవి. మాసాబ్ టాంక్ అను పేరు నిలిచినది, చెఱువు పోయినది. 2000 ఆగస్టు 24న నగరమున 24 సెంటీమీటర్ల వాన కురిసినపుడు నాలాల యొడ్డులందలి వాడలు మునిగినవి. 2020 అక్టోబరు వానలలో పాతబస్తీకి ఎగువనున్న గుఱ్ఱం చెఱువు కట్ట తెగి కాలనీలపైకి నీరు వచ్చెను. 1908లో తెగినట్లు విశ్వేశ్వరయ్యగారు లెక్కించిన చెఱువుల కథయే మరల జరిగెను. అయినను నిరాశకు తావులేదు. పూడిపోయి మాయమైన అంబర్‌పేట బతుకమ్మకుంటను 2025లో మరల త్రవ్వి నీటితో నింపిరి. పోయిన చెఱువు తిరిగి రాగలదని అది రుజువు చేసెను.

ఉద్యోగరీత్యా దేశమున పలు నగరములలో నివసించు మనకు ఈ చరిత్ర హైదరాబాదుకే పరిమితము కాదని తెలియును. కలకత్తా నగరపు మురుగునీరు తూర్పుననున్న చిత్తడి నేలలలో చేపల చెఱువులకు ఆహారమై శుద్ధియగుచున్నది. సుమారు 12,500 హెక్టారుల ఆ ప్రదేశము 2002లో రామ్‌సర్ జాబితాలో చేరెను. మద్రాసున పళ్ళికరణై చిత్తడి నేల కుంచించుకొనిపోయిన ఫలితమును 2015 వరదలలో ప్రజలు చూచిరి. ఢిల్లీలో 2023 జూలైలో యమున 208.66 మీటర్ల మట్టమున కెక్కి, తన ప్రాత తీరములను తానే వెదకికొనెను.

నగరమునకు సమీపమున స్థలము కొనదలచినవారు రహదారి యెంత దూరము, పాఠశాల యెంత దూరమని విచారింతురు. వానతోబాటు, ఇక్కడ వాననీరు ఏ దారిన పోవునని గూడ విచారింపవలెను. శిఖము భూమిలో చవుకగా దొరకిన స్థలము మన పిల్లలకు మిక్కిలి ప్రియమగును. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారమగుటచేత మనకు మఱియొక బాధ్యతయు కలదు. నకాశాలో నీలిరంగుతోను, ఆకుపచ్చ రంగుతోను చూపబడిన స్థలము ఇంకను వినియోగింపబడని స్థలమని భావింపరాదు. అది దినదినము పనిచేయుచునే యున్నది. వానను ఇంకించుచున్నది, బావిని నింపుచున్నది, వేడిని తగ్గించుచున్నది, ఏ నూఱేండ్లకో ఒకసారి వచ్చు వరదకై చోటు సిద్ధపఱచి వేచియున్నది. దాని రంగును మార్చు కాగితముపై సంతకము చేయుటకు ముందు 1908వ సంవత్సరపు మూసీని తలచుకొనుట మన ధర్మము.